మీరేమిట్లు?

నాకు ఆర్డరొచ్చింది 1989 నవంబరులో. స్పెషల్ టీచరు, నెలకి 398 రూపాయలు. నాలుగొందలకి ఆ రెండు రూపాయలు ఎందుకు తక్కువ చేశారో లెక్క కట్టిన వాళ్ళకే తెలియాలి. మా తరం టీచర్లని నిద్దట్లో లేపి అడిగినా ఆ అంకె చెప్తారు. కాయితం చదివి వినిపిస్తే మా అమ్మ ఒక్కటే అడిగింది. "నెలనెలా ఇత్తారా? వానొచ్చి పని లేకపోయినా ఇత్తారా?" ఇస్తారని చెప్పాను. "అయితే సాల్లే" అంది.

మా అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయేది. సీజనులో తెల్లారకముందే లేచి అన్నం గిన్నె గుడ్డలో కట్టుకుని కంపెనీ గేటు ముందు నిలబడేది. పొగాకు జిగురు చేతులకి పట్టి నల్లగా పేరుకుపోయేది. బూడిదేసి రుద్దినా పోయేది కాదు. ఆ చేత్తో కలిపిన ముద్ద చేదు. అన్నమంటేనే కాస్త చేదుగా ఉంటుందని చిన్నప్పుడు నేననుకునేదాన్ని. మా నాన్న ఒక మోతుబరి దగ్గర జీతం ఉండేవాడు. ఊళ్ళో చావుకీ కొలుపుకీ డప్పు కొట్టేవాడు. నేను టి.టి.సి. చదువుతుండగా పోయాడు. మా ఇంటి దేవత పోలేరమ్మ. చర్చిలో పాటలు బాగుంటాయని అమ్మ ఆదివారం పూట వెనక వరసలో కూర్చుని వచ్చేది కాని బాప్తీస్మం తీసుకోలేదు. నేను ఆరో తరగతి నుంచీ సంక్షేమ హాస్టల్లో పెరిగాను. బోర్డు మీద ఏం రాసి ఉన్నా జనం నోట్లో అది హరిజన హాస్టలే.

ఈ వివరాలన్నీ ఎందుకంటే, ఉద్యోగం ఇచ్చిన ఊరు నా సర్టిఫికెట్లు ఒక్కసారే చూసింది. ఈ వివరాలు మాత్రం రోజూ అడిగింది.

ఆ ఊరి పేరు రాయను. ప్రకాశం జిల్లాలో అట్లాంటివి చాలా ఉన్నాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చినప్పుడు పెద్ద పల్లెటూరు కాస్తా చిన్న టౌనై కూర్చుంది. ఎమ్మార్వో ఆఫీసు, పోలీసు స్టేషను, బస్టాండు, రెండు సినిమా హాళ్ళు, బుధవారం సంత. మెయిన్ బజారు పొడుగునా ఎరువుల కొట్లు, బట్టల కొట్లు. బజారు దాటితే దూదేకుల సాయిబుల వీధి. అది దాటితే చెరువు కట్ట. కట్ట కింద పల్లె. పల్లె అంటే ఏ పల్లో చెప్పక్కర్లేదు. ఊరు టౌనైనా పల్లె పల్లెగానే ఉండిపోయింది. టౌను మురుగునీళ్ళు మాత్రం అటు పోయేట్టు కాలవ తవ్వారు.

ఇల్లు వెతకటానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మొదటి ఇల్లు చాలా బాగుంది. వీధివైపు గది, పక్కన చిన్న వంటిల్లు, పెరట్లో బావి. ఇల్లుగలావిడ నన్ను పీట మీద కూర్చోబెట్టింది. ఒంటరి ఆడపిల్ల, పైగా టీచరు, వాళ్ళ పిల్లలకి సాయంత్రం నాలుగు ముక్కలు చెప్తుందని సంబరపడింది. అద్దె మాట్లాడుకున్నాం. నేను లేచి గుమ్మం దాకా వచ్చాక అడిగింది.

"అన్నట్టు మీరేమిట్లమ్మా?"

"మాదిగలమండి" అన్నాను.

ఆవిడ మొహంలో కోపం ఏమీ లేదు. అది చెప్పుకోవాలి. బాధలాంటిది కనిపించింది. "అయ్యో, మా మరిది ఆ గది అడిగాడమ్మా, మర్చేపోయాను" అంది. వారం తర్వాత కూడా ఆ గది ఖాళీగానే ఉంది. ఆ మరిది ఇప్పటికీ వచ్చి ఉండడు.

రెండో ఇంట్లో మగాయన మాట్లాడాడు. "మాకేం పట్టింపుల్లేవు, మా అమ్మ పాతకాలం మనిషి" అన్నాడు. పట్టింపులన్నీ ఎప్పుడూ పక్క గదిలో ఉన్న ముసలమ్మకే ఉంటాయి. మూడో ఇంట్లో ఆ ప్రశ్న నేరుగా అడగలేదు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, నాన్నగారేం చేసేవారు, మాంసం తింటారా, ఏ మాంసం తింటారు, ఏ గుడికి వెళ్తారు? పదో తరగతి పరీక్షలో బిట్ పేపరు లాగా చిన్న చిన్న ప్రశ్నలు. జవాబు ఒకటే. బొట్టు సంగతి మరీ విచిత్రం. పెట్టుకుంటే "ఏమిట్లు?" అని అడుగుతారు. పెట్టుకోకపోతే అడక్కుండానే తెలిసిపోయినట్టు తల ఊపుతారు.

హాస్టల్లో నాతో చదివిన పిల్ల ఉత్తరం రాసింది, ఎవరికి తెలుస్తుందే, ఏదో ఒక బి.సి. కులం పేరు చెప్పు, స్కేలొచ్చేదాకా గడిచిపోతుంది అని. ఆ పిల్ల అట్లాగే చెప్పి వేరే ఊళ్ళో కాపురం ఉంటోంది. వాళ్ళ నాన్న చూడ్డానికొస్తే బస్టాండులోనే మాట్లాడి పంపించేసేది. ఆ పిల్లని తప్పుపట్టను. ఇల్లు లేకుండా బడికి పోవటం ఎట్లాగో నాకు తెలుసు. ఆ ఉత్తరం మా అమ్మకి చదివి వినిపించాను. "దాసుకుంటే దాసుకో. మీ నాయన ఎట్టాగూ పోయె. నన్నేడ దాత్తావే?" అంది. తర్వాత ఎవరడిగినా నేను ఆ మూడక్షరాలూ గట్టిగానే చెప్పాను. ఇల్లు చూడకముందే చెప్పటం మొదలుపెట్టాను. ఇద్దరికీ టైము కలిసొచ్చింది.

అంబేద్కర్ 1917లో బరోడాలో ఇల్లు దొరక్క పార్శీల సత్రంలో దిగిన సంగతి నేను తర్వాత చదివాను. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషి. బరోడా సంస్థానంలో పెద్ద ఉద్యోగం. పదకొండో రోజున పార్శీలు కర్రలు పట్టుకొచ్చి సత్రం ఖాళీ చేయించారు. స్నేహితుల్ని అడిగితే ఒకరు నౌకర్ల మీద, ఒకరు భార్య మీద పెట్టి తప్పించుకున్నారు. అది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. ఆయనకి పదకొండు రోజుల తర్వాత ఇల్లు పోయింది. నాకు పదకొండు రోజులకి దొరికింది. డెబ్బై రెండేళ్ళలో ఆ మాత్రం మారిందనుకోవాలేమో. ఇప్పుడు పెద్ద ఊళ్ళలో టులెట్ బోర్డు మీద "శాకాహారులకు మాత్రమే" అని రాస్తున్నారు. బోర్డు చదువుకున్నవాళ్ళది. ప్రశ్న పాతదే.

నాకు గది ఇచ్చింది దూదేకుల సాయిబుగారు. ఆయన పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఇల్లంతా దూది. నేను అలవాటుగా ముందే కులం చెప్పేశాను. ఆయన దూది ఏకటం ఆపకుండా "వంట కట్టెల మీదా, కిరసనాయిలు స్టవ్వు మీదా?" అని అడిగాడు. స్టవ్వు మీదన్నాను. "రాత్రిపూట ఆర్పి చూసుకోవాలమ్మా, దూదుండే ఇల్లు" అన్నాడు. అద్దె అరవై రూపాయలు. వాళ్ళావిడని నేను బూబమ్మా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను పంతులమ్మా అనేది. కొన్నాళ్ళకి మా అమ్మ కూడా వచ్చేసింది. ఇద్దరూ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఊళ్ళో ఎవరి సంగతులైనా సరే చీల్చి చెండాడేవాళ్ళు.

ఇక బడి. మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల. పెద్దపంతులు గారితో కలిపి ఏడుగురం. నాకు మూడో తరగతి ఇచ్చారు, ఏడో తరగతికి లెక్కలు కూడా. మొదటి రోజు హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచాను. సుందర్రావులు, యేసుపాదాలు, మరియమ్మలు ఉన్నారు పట్టీలో. పిలిస్తే పలకరు. తలలు తిప్పి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. సంగతేమిటంటే ఆ పేర్లతో వాళ్ళని బళ్ళో ఎవరూ పిలవలేదు. "ఒరే పల్లోడా", "ఏమే చెరువుకట్టా". అంతే. కొందరికి తమ పూర్తి పేరు పట్టీలో ఎట్లా రాసుందో కూడా తెలియదు. నాలుగైదు రోజులు ఇంటిపేరుతో సహా పిలిచాక ఒక పిల్ల "ఎస్ టీచరక్కా" అంది. పక్క క్లాసు మేడం విని, "అక్కేంటి, మేడం అనాలి" అని సరిదిద్దింది. నేను సరిదిద్దలేదు.

స్టాఫు రూములో స్టీలు బిందె, దాని మీద మూత, మూత మీద రెండు గ్లాసులు. అందరూ వాటితోనే తాగేవాళ్ళు. నేనూ తాగాను. రెండు వారాలు ఎవరూ ఏమనలేదు. తర్వాత గమనిస్తే నేను తాగిన గ్లాసు పక్కన పెట్టేసి అటెండరు ఇంకోటి తెస్తున్నాడు. ఆ తర్వాత రెండు గ్లాసులూ పోయాయి, ఎవరి మరచెంబు వాళ్ళ సంచిలోకి వచ్చింది. ఎవరూ నాతో ఒక్క మాట తేడాగా మాట్లాడలేదు. అది గుర్తుంచుకోండి. చిన్న ఊళ్ళ మర్యాద అట్లా ఉంటుంది.

1990 ఫిబ్రవరిలో ఒకరోజు పెద్దపంతులు గారు నన్ను పిలిచి కాయితంలో చుట్టిన కొత్త స్టీలు గ్లాసు చేతిలో పెట్టారు. గిన్నెల కొట్లో చుక్కలు చుక్కలుగా నా పేరు చెక్కించారు. "స్పెషల్ టీచరుకి స్పెషల్ గ్లాసు" అని నవ్వారు. మిగతా వాళ్ళు కూడా నవ్వారు. సోషల్ మాస్టారు, "మాకెవరికీ లేని మర్యాదండీ మీకు" అన్నాడు. ఆయన ఆ నెలలోనే ఏడో తరగతికి ప్రాథమిక హక్కులు చెప్పాడు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని పిల్లల చేత మూడుసార్లు చదివించటం గోడ ఇవతల నాకు వినపడింది. అత్యాచారాల నిరోధక చట్టం పార్లమెంటు 1989లో చేసింది, 1990 జనవరి 30న అమల్లోకొచ్చింది. మా బళ్ళోకి గ్లాసు ఆ తర్వాత నెల వచ్చింది.

గ్లాసు తీసుకుని థాంక్స్ చెప్పి నా క్లాసుకి వెళ్ళాను.

నా క్లాసులో మూలన మట్టి కుండ ఉండేది. దాని పద్ధతి అప్పటికే చూశాను. ఊరి పిల్లలు ముంచుకుని తాగుతారు. పల్లె పిల్లలకి ఊరి పిల్లలు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. పోసేవాడికి ఓపిక లేకపోతే లేదు. అందుకని పల్లె పిల్లలు చాలామంది ఇంటర్వెల్‌లో చెరువు కట్ట దిగి ఇంటికి పోయి తాగొచ్చేవాళ్ళు. ఆలస్యంగా వచ్చారని గుంజీలు తీయించేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ పిల్లలు దప్పికకి గుంజీలు తీశారు.

నా పేరున్న గ్లాసు ఆ కుండ మీద పెట్టాను. ఇది నా గ్లాసు, దప్పికైనవాళ్ళు దీంతో ముంచుకుని తాగండి అన్నాను. ముందు నేను తాగాను. కాసేపు ఎవరూ లేవలేదు. తర్వాత "టీచరక్కా" అన్న ఆ పిల్లే లేచి ముంచుకుని తాగింది. మూతి తుడుచుకుని ఇంకో గ్లాసు తాగింది. ఆమె తర్వాత ఊరి పిల్లవాడొకడు వచ్చాడు. వాడికి దప్పికైంది, అంతకుమించి ఏం లేదు. ఎనిమిదేళ్ళవాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ అన్నం గిన్నె దింపి నా మొహం చూసింది. "నీళ్ళ కాడ మాట పెరిగితే ఏమైద్దో నీకు తెలవదా?" అంది. తెలుసు. ఇద్దరికీ తెలుసు. 1985 జూలైలో నేను చీరాలలో ఇంటరు చదువుతున్నాను. అక్కడికి దగ్గర్లోనే కారంచేడు. మాదిగలు మంచినీళ్ళు ముంచుకునే చెరువు దగ్గర ఊరివాళ్ళు కుడితి బకెట్లు కడిగారు. ఇదేంటని ఒక కుర్రాడు అడిగాడు. వాణ్ణి కొట్టబోతే మున్నంగి సువార్త అనే ఆవిడ చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళని చెరిచారు. తప్పించుకున్నవాళ్ళు పొలాలకడ్డం పడి చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. హాస్టలు పిల్లలం మా అన్నంలోంచి తీసిన బియ్యం పట్టుకుని వెళ్ళాం. అక్కడ మా అమ్మ వయసు ఆడవాళ్ళు గోడకానుకుని కూర్చుని ఉన్నారు, ఏడవటం కూడా లేదు. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. ఆ మొహాలు చూసిన దాన్ని కాబట్టి మా అమ్మ భయాన్ని కొట్టిపారెయ్యలేదు. "గ్లాసు తీసెయ్యమంటావా?" అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "పిల్లలు తాగారా?" అంది. తాగారన్నాను. "ఉండనియ్" అంది.

మర్నాడు తొమ్మిది మంది ఊరి పిల్లలు రాలేదు. వాళ్ళ తండ్రులు నలుగురు వచ్చి పెద్దపంతులు గారి గదిలో కూర్చున్నారు. ఒకాయన కేకలేశాడు. మిగతా ముగ్గురూ చాలా మెత్తగా మాట్లాడారు. చదువు చెప్పించుకోటానికి పంపుతున్నాం గాని ఆచారాలు మార్చుకోటానికి కాదన్నారు. వాళ్ళు వెళ్ళాక పెద్దపంతులు గారు నన్ను పిలిచారు. "అమ్మా, మీరు కొత్త. ఇంకా స్కేలు కూడా రాలేదు. రిపోర్టు రాయాల్సిన పరిస్థితి నాకు తేకండి" అన్నారు. బెదిరింపని అనలేను. ఆయన గొంతులో నిజంగానే బతిమాలటం ఉంది. యూనియన్ నాయకుడొకాయన సైకిలేసుకుని సాయిబుగారి ఇంటి దాకా వచ్చాడు. అభ్యుదయ భావాలున్న మనిషే. "ఉద్యమాలు బయట చేద్దాం తల్లీ, బళ్ళో సర్దుకుపో. ఐక్యత దెబ్బ తింటుంది" అన్నాడు. ఎవరి ఐక్యతో నాకర్థం కాలేదు. అప్పటిదాకా ఆ బళ్ళో నాతో ఐక్యంగా నీళ్ళు తాగినవాళ్ళు మూడో తరగతి పిల్లలే.

పెద్దపంతులు గారికి ఒక్కటే చెప్పాను. "మూడో తరగతిలో పల్లె పిల్లలు గ్లాసు ముట్టుకోకూడదని ఒక కాయితం మీద రాసి సంతకం పెట్టివ్వండి సార్. రేపే తీసేస్తాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ కాయితం రాయలేదు. ఎవరూ రాయరు. చదువుకునే పిల్లలకి ఇది పనికొస్తుందేమో, అందుకని చెప్తున్నాను. నోటితో చెప్పేదాన్ని కాయితం మీద అడగండి. చాలా ఆచారాలు అక్కడ ఆగిపోతాయి. అన్నీ ఆగుతాయని అనను. కారంచేడుకి కాయితం ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

వారం తర్వాత తొమ్మిది మందీ వచ్చారు. మెడలో మరచెంబులు వేలాడేసుకుని వచ్చారు. ఉగాదికి ఎండలు ముదిరాయి. పదకొండు గంటలకల్లా మరచెంబులు ఖాళీ. ఒక్కొక్కరే కుండ దగ్గరికి రావటం మొదలైంది. ముగ్గురు మాత్రం సంవత్సరం ఆఖరిదాకా మరచెంబులు మోశారు. నాలిక పిడచ కట్టుకుపోయినా రాలేదు. వాళ్ళని చూస్తే నాకు కోపం రాలేదు. ఆ వయసు పిల్లలకి అంత దప్పిక ఓర్చుకోవటం ఇంట్లో ఎట్లా నేర్పారోనని ఆశ్చర్యం వేసేది.

ఊళ్ళో మిగతా బతుకు మామూలుగానే గడిచింది. శ్రావణమాసంలో మేడాలు ఒకరింటికొకరు పేరంటానికి వెళ్ళొచ్చి మర్నాడు శనగలు స్టాఫు రూములో పంచేవాళ్ళు. శనగలు నాకూ పెట్టేవాళ్ళు. పిలుపే ఉండేది కాదు. సంతలో కూరగాయలామె చిల్లర నా అరచేతికి జానెడు ఎత్తునుంచి వదిలేది. 1990 ఆగస్టు 7న వి.పి. సింగ్ మండల్ సిఫార్సులు అమలు చేస్తానని ప్రకటించాక స్టాఫు రూములో రిజర్వేషన్ల గురించే మాట. ప్రతిభ చచ్చిపోతోందని బాధపడేవాళ్ళు. ఆ ప్రతిభ గల మాస్టారొకాయన ఏడో తరగతి భిన్నాల లెక్కలు నా చేత చేయించుకుని వెళ్ళి చెప్పేవాడు. మండల్‌లో మా వాటా సంగతే లేదు, అది బి.సి.ల గురించి. అయినా చూపులన్నీ నా కుర్చీ వైపే.

ఆ జూలైలోనే సంక్షేమ శాఖ కాయితాలు నా బల్ల మీదికి వచ్చాయి. పుస్తకాల జాబితా, హాస్టలు దరఖాస్తులు. "మీ పిల్లలే కదా, మీరే చూసుకోండి" అన్నారు. బళ్ళో దళిత టీచరుంటే ఆ పనులన్నీ ఆ టీచరువే. ఆ పనిని నేను కాదనలేదు. నా చిన్నప్పుడు ఏటా ఒకసారి మాస్టారు క్లాసులోకొచ్చి "హరిజన పిల్లలు లేచి నిలబడండి" అనేవాడు. లేచేవాళ్ళం. కూర్చున్న వాళ్ళందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. పుస్తకాలు ఉచితమే. ఆ చూపులు మాత్రం జీవితాంతం వాయిదాల్లో కట్టుకోవాలి. నేను క్లాసులో ఎవరినీ లేపలేదు. సాయంత్రం బడి వదిలాక కాయితాలు తీసుకుని చెరువు కట్ట దిగేదాన్ని. ఏ ఇంటి ముందు కూర్చుంటే ఆ ఇంటివాళ్ళు కిరసనాయిలు బుడ్డి తెచ్చి పెట్టేవాళ్ళు. ముసలాళ్ళు వేలిముద్రలు వేస్తుంటే పిల్లలు పక్కన సంతకాలు పెట్టేవాళ్ళు, పూర్తి పేరుతో.

తర్వాతి సంవత్సరం జనాభా లెక్కలు. 1991 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. టీచర్లే ఎన్యూమరేటర్లు. ఎమ్మార్వో ఆఫీసులో నాకు పల్లె బ్లాకు రాశారు, సాయిబుల వీధితో కలిపి. సోషల్ మాస్టారికి మెయిన్ బజారు. "మీకైతే పల్లె సౌకర్యం గదమ్మా" అన్నాడు గుమస్తా. పల్లెకి నేను రోజూ పోతూనే ఉన్నాను. అది నాకు కొత్త కాదు. కొత్తది ఎవరికో వాళ్ళే వెళ్ళాలనిపించింది. "నాకు బజారు ఇవ్వండి, బడికి దగ్గర" అన్నాను. ఎమ్మార్వో కుర్రాడు, పరీక్ష రాసి కొత్తగా వచ్చినవాడు. ఆయనకి లోతులు తెలియవు. ఇద్దరి పేర్లూ మార్చి సంతకం పెట్టేశాడు.

అట్లా నేను గది దొరకని ఇళ్ళకి ప్రభుత్వ కాయితాలతో వెళ్ళాను. మొదటి ఇంటావిడ నన్ను గుర్తుపట్టింది. లోపలికి రమ్మనాలో వద్దో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడింది. నేను గుమ్మం బయటే నిలబడి ఒక్కొక్కటే అడిగాను. పేరు, వయసు, పెళ్ళయిన వయసు, చదువు, మాతృభాష, మతం. ఆవిడ జవాబులు చెప్తోంది. ఆ ఇంట్లో ఎవరు ఏం చదివారో, ఎవరు ఏ పనీ లేకుండా కూర్చున్నారో అన్నీ నా చీటీల్లోకి వచ్చాయి. మరిది సంగతి కూడా అడిగాను. వేరే ఊళ్ళో ఉంటున్నాడట. అంతా అయ్యాక ఆవిడే అడిగింది, "మరి మా కులం రాసుకోరా?" అని.

"షెడ్యూల్డు కులాలు, తెగల పేర్లకే గడి ఉందండి. మీది రాయటానికి చోటు లేదు."

ఆవిడకి అది నచ్చలేదు. ఏదో పోగొట్టుకున్నట్టు చూసింది. దేశం మొత్తం మీద ఆ లెక్కల్లో పేరు పేరునా కులం రాసింది మావాళ్ళదీ, గిరిజనులదీ. మిగతా వాళ్ళది ఎక్కడా రాయక్కర్లేకుండానే అందరికీ తెలుసు.

సోషల్ మాస్టారు తన బ్లాకు మొదలుపెట్టిన రోజు నేను మధ్యాన్నం అన్నానికి ఇంటికొచ్చాను. ఆయన సాయిబుగారి అరుగు మీద బల్ల వేయించుకుని కూర్చున్నాడు. ఒక కుర్రాణ్ణి పల్లెలోకి పంపాడు, ఇంటికొకరు వచ్చి రాయించుకుని పొమ్మని. పది మంది దాకా చేతులు కట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. మా అమ్మ దొడ్లో అంట్లు తోముతోంది. బూడిద చేతుల్తోనే లేచి వచ్చింది.

"ఇంటింటికీ వచ్చి రాయాలంట గదా అయ్యా. మా అమ్మాయి బజారంతా గడప గడపా తిరుగుతుండె."

"ఇక్కడైతే నీడగా ఉందిలేమ్మా."

"పల్లెలోనూ సెట్లున్నయ్ సామీ. రాండి, నేను సూపిత్తా."

చేతులు కొంగుకి తుడుచుకుని చీటీల కట్ట ఆమే పట్టుకుంది. ఎండలో నిలబడ్డవాళ్ళు ఆయన వైపు చూస్తున్నారు. దూది ఏకే చప్పుడు కూడా ఆగిపోయింది. ఆయన లేచాడు. అమ్మ ముందు, ఆయన వెనక, ఆ వెనక పది మందీ. చెరువు కట్ట దిగటం చూశాను. నాకు ఇంకా బజారులో ఇళ్ళు మిగిలి ఉన్నాయి, వెళ్ళిపోయాను.

చీకటి పడ్డాక అమ్మ వచ్చింది, కాళ్ళు పట్టుకుంటూ. రోజూ అట్లాగే వెంట తిరిగింది. ఆరో రోజున, "నూట పద్దెనిమిది కొంపలు. ఒక్కటి వదల్లా" అంది. మాస్టారు బాగానే రాశాడంది. ఒక మంచం మీద కూర్చున్నాడంది. ఆమెకి అర్థం కానిది మతం గడి. చర్చికి పోయేవాళ్ళలో చాలామంది ఆ ప్రశ్న దగ్గర ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని హిందువులమనే చెప్పారట. నేను 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు గురించి చెప్పాను. క్రైస్తవులమంటే షెడ్యూల్డు కులం గడిలో రాయరని, సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో మార్చారు గాని మనవాళ్ళకి మార్చలేదని.

"అంటే యేసయ్య పేరు జెప్తే మాదిగోళ్ళం గాకుండా పోతామా?"

"కాయితం మీద పోతామమ్మా."

"ఆ సంగతి బజారోళ్ళకి ఎవురన్నా సెప్పారా?" అంది. నవ్వుతోందో అడుగుతోందో తెలియలేదు.

"మాస్టారు మంచినీళ్ళు తాగాడా?" అని అడిగాను.

"తాగలా. ఎవురిత్తన్నా ఇప్పుడే తాగానన్నాడు. ఆరు రోజులూ ఇప్పుడే తాగాడు."

మార్చి ఒకటి నుంచి ఐదు దాకా మళ్ళీ ఒకసారి తిరగాలి, మధ్యలో పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ సరిచూడటానికి. పల్లెలో ఒక పురుడు వచ్చింది. సోషల్ మాస్టారు మార్చి రెండున పొద్దున్నే వచ్చాడు. అరుగు దగ్గర సైకిలు ఆపి స్టాండు వేశాడు. మా అమ్మ గుమ్మంలోంచి "నేను రానా సామీ?" అని అడిగింది.

"వద్దులేమ్మా, దారి తెలుసు" అని కట్ట మీదికి నడిచాడు.